జాబితాలో పేరు ఎవరిది?

2025 నవంబరు చివరి వారంలో దిత్వా తుఫాను శ్రీలంకను ముంచెత్తింది. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. బదుళ్ళ, కాండీ, నువర ఎలియ వంటి కొండ జిల్లాల్లో చరియలు విరిగిపడి ఇళ్ళకు ఇళ్ళే మట్టిలో కలిసిపోయాయి. మన దేశం నుంచి ఓడలూ విమానాలూ వైద్య బృందాలూ వెంటనే వెళ్ళాయి. డిసెంబరు 23న మన విదేశాంగ మంత్రి కొలంబోలో 45 కోట్ల డాలర్ల పునర్నిర్మాణ సాయం ప్రకటించారు. అందులో 35 కోట్ల డాలర్లు తక్కువ వడ్డీకి ఇచ్చే అప్పు. తిరిగి తీర్చనక్కరలేని గ్రాంటు 10 కోట్లే. సాయం అనే ఒక్క మాట కింద ఈ రెండూ కలిసిపోయాయి. కష్టంలో ఉన్న పొరుగువారికి చెయ్యి అందించటాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనం ఈ వార్తను మరోవిధంగా కూడా చదవాలి. ఆ డబ్బుతో రేపు కట్టే ఇంటి పట్టా ఎవరి పేర రాస్తారు? పరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది? ఎవరెవరు నష్టపోయారో తేల్చే జాబితాను ఎవరు రాస్తారు, ఎవరిని అడిగి రాస్తారు?

సముద్రానికి ఇంత దూరాన వరంగల్‌లో కూర్చుని శ్రీలంక గురించి సంపాదకీయం ఏమిటని కొందరు అనుకోవచ్చు. సముద్రం లేకపోయినా ముంపు మనకు కొత్త కాదు. 2023 జులై 27న పాత వరంగల్ జిల్లాలోని మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది. డాబాలెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న జనం పడవలూ హెలికాప్టర్లూ వచ్చాకే బయటపడ్డారు. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల వంతు వచ్చింది. నీళ్ళు తీసిన మర్నాటి నుంచే జాబితా మొదలవుతుంది. కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి అడిగే మొదటి మాట "ఇంటి యజమాని ఎవరమ్మా?" అనే. వచ్చింది రెవెన్యూవాళ్ళయినా, స్వచ్ఛంద సంస్థవాళ్ళయినా, డబ్బు ఢిల్లీదయినా, విదేశాలదయినా ఆ ప్రశ్న మారదు. ఈ సంపాదకీయం ఆ ప్రశ్న గురించే.

పైగా తెలుగువాళ్ళకు సొంత దీవి ఒకటి ఉంది. దివి అంటేనే దీవి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోపు మధ్యలో మిగిలిన నేల దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం నాడు అక్కడ ఉప్పెన వచ్చింది. తాటిచెట్టెత్తు నీళ్ళని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళ పేర్లు అప్పటిదాకా జిల్లా దాటి ఎవరికీ తెలియవు. చనిపోయినవారి లెక్కే తేలలేదు. ప్రభుత్వ లెక్కలు పదివేల దగ్గర మొదలై పద్నాలుగు వేల దాకా వెళ్ళాయి. ఊళ్ళలో చెప్పుకునే లెక్క అంతకు ఎన్నో రెట్లు. అది వరి కోతకొచ్చే కాలం. పనికోసం వేరే ఊళ్ళ నుంచి వచ్చి గట్ల మీద గుడిసెలు వేసుకునే కూలి కుటుంబాల పేర్లు ఏ ఊరి పుస్తకంలోనూ ఉండవు. బతికుండగా ఏ జాబితాలోనూ లేనివారిని చనిపోయాక మాత్రం ఎవరు లెక్కించగలరు?

ఆ విషాదానికి రాష్ట్రమంతా కదిలిపోయింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లో జోలెపట్టి విరాళాలు పోగుచేశారు. మండలి వెంకటకృష్ణారావు సేవను దివిసీమ ఇప్పటికీ తలుచుకుంటుంది. మదర్ థెరిసా వచ్చారు. రామకృష్ణ మిషన్ వచ్చింది, చర్చి సంస్థలు వచ్చాయి, ఆర్.ఎస్.ఎస్. వచ్చింది. విదేశీ డబ్బు కోస్తా పల్లెలకు అంత పెద్ద ఎత్తున, అంత హఠాత్తుగా రావటం అదే మొదలు అనిపిస్తుంది నాకు. ఒక్కో సంస్థ ఒక్కో ఊరిని దత్తత తీసుకుంది. (దత్తత అనే మాట నాకెప్పుడూ మింగుడుపడదు. తల్లీతండ్రీ ఉన్న ఊళ్ళను దత్తత తీసుకోవటమేమిటి?) తాటాకు ఇళ్ళ స్థానంలో సిమెంటు గదులు వచ్చాయి. కాలనీలకు ఇచ్చినవారి పేర్లు పెట్టారు. తుఫాను రక్షణ భవనాలు లేచాయి, మామూలు రోజుల్లో వాటిలోనే బడులు నడిచాయి. ఇందులో మంచి చాలా ఉంది. ఆ తర్వాత వచ్చిన తుఫానుల్లో ఆ భవనాలు ప్రాణాలు కాపాడాయి.

కానీ బ్రిటిష్ పరిశోధకుడు పీటర్ వించెస్టర్ 1977 నుంచి 1988 దాకా కృష్ణా డెల్టాలో జరిగిన పునర్నిర్మాణాన్ని పరిశీలించి 1992లో ఒక పుస్తకం ప్రచురించాడు. దానికి పెట్టిన ఉపశీర్షికలోనే 'విపత్తును సరిగా నిర్వహించలేకపోవటం' అనే అర్థం ఉంది. గోడలు గట్టిపడినంత మాత్రాన బతుకు గట్టిపడదనీ, భూమీ పనీ అప్పూ ఎవరి అదుపులో ఉన్నాయన్నదే మళ్ళీ వచ్చే తుఫానులో ఎవరు మునుగుతారో తేలుస్తుందనీ ఆయన వాదన. ఉప్పెనకు ముందు సముద్రానికి దగ్గరగా పల్లపు నేలలో మట్టి గోడల మధ్య ఉన్నది మత్స్యకారులు, దళితులు, యానాదులు. భూమి ఉన్నవారు మెరక మీద, గట్టి ఇళ్ళలో ఉన్నారు. పునర్నిర్మాణం ఆ పల్లాన్నీ మెరకనీ మార్చలేదు. ఆయన పరిశోధనను నేను గౌరవిస్తాను. అయితే అక్కడి నుంచి మనం ఇంకో అడుగు వెయ్యాలి. కుటుంబం లోపల కూడా పల్లమూ మెరకా ఉంటాయి. 'కుటుంబానికి ఒక ఇల్లు' అన్నప్పుడు ఆ కుటుంబం తరఫున వేలిముద్ర వేసేది ఎవరన్నది అప్పట్లో ఇచ్చేవాళ్ళకు తట్టని ప్రశ్న. మొగుడు బతికుంటే మొగుడి పేరు, లేకపోతే కొడుకు పేరు. ఏ మగవాడూ మిగలని చోట ఆడమనిషి పేరు జాబితాకెక్కుతుంది. అంటే స్త్రీ ఆస్తిదారు కావాలంటే ముందు వితంతువు కావాలన్నమాట.

పడవా వలా నష్టం కింద లెక్కకొస్తాయి, చేపల తట్ట రాదు. తుఫానుకు పోయిన పడవకింత, చిరిగిన వలకింత అని సహాయ నిబంధనల్లో ఈనాటికీ పద్దులున్నాయి. చేపలు ఎండబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకొచ్చే ఆమె పెట్టుబడికి పద్దు లేదు. కూలికి పోయే ఆమె పోగొట్టుకున్న పనిరోజులకూ లేదు. ఇంట్లో పాడిగేదె చస్తే దానికి పరిహారం ఉంది, తీసుకునేది మాత్రం యజమాని. పేడ ఎత్తి, పాలు పితికి, పాలకేంద్రానికి మోసిన మనిషి ఆ లెక్కలో కనపడదు. తెలివితక్కువ వల్ల ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. ఆదాయం తెచ్చేది మగవాడు, ఆడది అతని మీద ఆధారపడినది అనే పాత నమ్మకం నష్టాల లెక్కగా మారి ఆ కాగితం మీదికి ఎక్కింది.

1990 మే 9న కృష్ణా జిల్లా తీరంలో మరో పెనుతుఫాను వచ్చింది. ఈసారి వచ్చినది జోలెపట్టిన డబ్బు కాదు, ప్రపంచ బ్యాంకు రుణం, 21 కోట్ల డాలర్లు. 1996 నవంబరు 6న కోనసీమ కొట్టుకుపోతే 1997లో మరో 15 కోట్ల డాలర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చిందరవందర చేస్తే 2015లో ఇంకో 25 కోట్లు. రోడ్లు, కరెంటు లైన్లు, కరకట్టలు బాగుపడ్డాయి, కాదనను. వీటి మధ్యలో 1992లో అదే ప్రపంచ బ్యాంకు మన రాష్ట్రంతో సహా తూర్పు తీర రాష్ట్రాల్లో రొయ్యల, చేపల చెరువులకు కూడా అప్పిచ్చింది. ఆ దశాబ్దంలో తీరమంతా రొయ్యల చెరువులు పరుచుకున్నాయి. మడ అడవులు నరికారు. తాగునీటి బావులు ఉప్పుబారాయి, నీళ్ళకోసం ఆడవాళ్ళు నడిచే దూరం పెరిగింది. తీరప్రాంత రొయ్యల చెరువులపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చేనాటికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. ఉప్పెనను ఆపే మడ చెట్లను కొట్టడానికి దారితీసిన అప్పూ, ఉప్పెన తర్వాత గోడలు కట్టడానికి ఇచ్చిన అప్పూ ఒక్క ఇంటి నుంచే వచ్చాయి. రెంటినీ తీర్చవలసింది మనమే.

ఇక శ్రీలంక. 2004 డిసెంబరు 26 సునామీలో ఆ దేశం ముప్ఫై వేలకు పైగా మనుషుల్ని పోగొట్టుకుంది. ఆనాడు మన ప్రభుత్వం తన తీరంలో సహాయానికి విదేశీ ప్రభుత్వాల సాయం వద్దని చెప్పి, తానే శ్రీలంకకూ మాల్దీవులకూ ఇండోనేషియాకూ నౌకలు పంపింది. పుచ్చుకునే దేశం నుంచి ఇచ్చే దేశంగా మారామన్న గర్వం అప్పటి నుంచీ ఉంది. 2018 కేరళ వరదల్లో యు.ఎ.ఇ. సాయాన్ని కాదన్నదీ ఆ గర్వంతోనే.

శ్రీలంక తూర్పు తీరంలో, బట్టికలోవా, అంపారా జిల్లాల్లో, తమిళ కుటుంబాల్లోనూ ముస్లిం కుటుంబాల్లోనూ ఒక ఆచారం ఉంది. ఇల్లు కూతురికి ఇస్తారు. పెళ్ళయ్యాక అల్లుడు వచ్చి భార్య ఇంట్లో ఉంటాడు. మానవశాస్త్రవేత్త డెనిస్ మెక్‌గిల్‌వ్రే దశాబ్దాల పాటు అక్కడ పనిచేసి దీన్ని వివరంగా రాశాడు. మనకు ఇల్లరికం అంటే ఎగతాళి. అత్తగారింట్లో అల్లుడి పరువు మీద మనకున్నన్ని సామెతలు ఇంకెవరికీ ఉండవేమో. అక్కడ అది మామూలు సంగతి. దాన్ని మరీ ఆదర్శంగా చూపించనవసరం లేదు, ఆ ఇల్లు కట్నం పేరుతోనే వస్తుంది, ఇల్లు కట్టివ్వలేని తండ్రి కూతుళ్ళు పెళ్ళికాకుండా ఉండిపోతారు. అయినా కాళ్ళ కింద నేల తనదన్న భరోసా ఆమెకుంది. కొట్టే భర్తను బయటికి పొమ్మనగలిగే బలం ఆ ఇంటి వల్లే వస్తుంది.

సునామీ ఆ ఇళ్ళను కొట్టుకుపోయింది. తీరం నుంచి దక్షిణ, పడమర ప్రాంతాల్లో 100 మీటర్లు, ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో 200 మీటర్ల లోపు మళ్ళీ కట్టరాదని ప్రభుత్వం మొదట నిషేధం పెట్టింది. ఆ హద్దులో ఇళ్ళున్నవారికి లోపలెక్కడో ప్రభుత్వ భూమిలో దాతల డబ్బుతో కొత్త ఇళ్ళు కట్టించి ఇచ్చారు. పట్టా ఎవరికి? 'కుటుంబ యజమాని'కి. యజమాని అంటే భర్త. పాత ఇల్లు భార్యది, సముద్రం తీసుకుపోయింది భార్య ఆస్తిని, బదులుగా వచ్చింది మాత్రం భర్త పేర. పోనీ ఇద్దరి పేరా రాయండంటే, ప్రభుత్వ భూమిని ఉమ్మడిగా ఇచ్చే పద్ధతి లేదన్నారు అధికారులు. ఆ దేశపు 1935 నాటి భూ అభివృద్ధి చట్టంలో వారసుల వరుసలో కొడుకులే ముందుండేవారు. వలస పాలన రాసిన ఆ వరుసను సవరించటానికి 2022 దాకా పట్టింది. బట్టికలోవాలోని సూర్య మహిళాభివృద్ధి కేంద్రం వంటి సంఘాలూ, సునామీ బాధిత స్త్రీలకోసం ఏర్పడిన సమాఖ్యా దీనిమీద పోరాడాయి. శిబిరాల్లో స్త్రీలమీద జరిగిన హింసనూ అవి నమోదు చేశాయి. ఇళ్ళు కట్టించిన దేశాలన్నీ తమ తమ రాజధానుల్లో స్త్రీ పురుష సమానత్వం గురించి గొప్ప పత్రాలు రాసుకున్నవే. 1995 బీజింగ్ సదస్సు ముగిసి అప్పటికి పదేళ్ళు కావస్తోంది. ప్రతి ప్రాజెక్టు నివేదికలోనూ జెండర్ అని ఒక గడి ఉంది, దాన్ని నింపారు కూడా. ఎక్కడో దూరంగా నింపిన ఆ గడికీ, పల్లెలో గ్రామాధికారి నింపిన జాబితాకూ మధ్య ఎవరూ నడవలేదు.

ఇండోనేషియాలోని అచేలో ఆక్స్‌ఫామ్ 2005 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు గ్రామాల్లో బతికిన 676 మందిలో స్త్రీలు 189 మందే. సముద్రం ఇంటిమీదికి వచ్చిన ఆదివారం పొద్దున మగవాళ్ళు చాలామంది పడవల్లోనో బజారులోనో ఉన్నారు, ఆడవాళ్ళు ఇంట్లో పిల్లలతో ఉన్నారు. ఈత నేర్పింది మగపిల్లలకే, చెట్టెక్కటం నేర్పింది వాళ్ళకే. శ్రీలంకలో దాతలు పోటీపడి పడవలు పంచారు, కొన్నిచోట్ల సునామీకి ముందున్న వాటికంటే ఎక్కువయ్యాయి. దక్షిణ తీరంలో కొబ్బరిపీచు నానబెట్టి తాళ్ళు పేనే ఆడవాళ్ళకు అలాంటి పోటీ ఏదీ ఎదురుకాలేదు. పడవ ఫొటోలో బాగా కనిపిస్తుంది కదా. దాతకు నివేదిక పంపేవాళ్ళకు ఫొటో అవసరం.

మరో ద్వీప దేశం హైతీ. 2010 జనవరి 12 భూకంపంలో లక్షకు పైగా చనిపోయారు. ప్రపంచం వందల కోట్ల డాలర్లు ఇస్తామంది. హైతీ సంస్థల చేతికి నేరుగా అందింది అతి స్వల్పం. సుమారు 50 కోట్ల డాలర్లు పోగుచేసిన అమెరికన్ రెడ్‌క్రాస్ అక్కడ కట్టిన శాశ్వత ఇళ్ళు ఆరు అని 2015లో అమెరికా విలేకరులే బయటపెట్టారు. సాయానికి వచ్చిన ఆక్స్‌ఫామ్ సిబ్బందిలో కొందరు స్థానిక స్త్రీలను లైంగికంగా వాడుకున్నారని 2018లో లండన్ టైమ్స్ రాసింది. ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవలసిన మూడు పేర్లున్నాయి. మిర్యం మెర్లే, మగాలీ మార్సెలాన్, ఆన్ మరీ కొరియోలాన్. ముగ్గురూ హైతీ స్త్రీ ఉద్యమ నాయకులు. అత్యాచారాన్ని పరువుకు సంబంధించిన విషయంగా కాక తీవ్ర నేరంగా చూసేలా 2005లో చట్టం మారటం వెనక ఆ ఉద్యమం ఉంది. ముగ్గురూ ఆ భూకంపంలోనే చనిపోయారు. వాళ్ళ సంఘాలు మిగిలాయి. దాతల సమావేశాలు జరిగిన గదుల్లో ఆ సంఘాలకు కుర్చీ దొరకటమే కష్టమైంది. పునర్నిర్మాణం అనే మాటలో నాకు కనపడే లోపం ఇదే. ఇటుకలనైతే మళ్ళీ పేర్చొచ్చు. ఇరవై ఏళ్ళు పనిచేసిన సంఘాన్ని పక్కనబెట్టి, నిన్న విమానం దిగిన సంస్థ చేత స్త్రీలకు 'అవగాహన' కల్పిస్తే కూలినవాటి జాబితాలో ఇంకొకటి చేరుతుంది.

మళ్ళీ ఇప్పటి శ్రీలంకకు వద్దాం. దిత్వా దెబ్బతిన్న కొండ జిల్లాల్లో తేయాకు తోటలున్నాయి. రెండు వందల ఏళ్ళ క్రితం మొదలుపెట్టి బ్రిటిష్‌వాళ్ళు మన దక్షిణాది నుంచి తీసుకుపోయిన కూలీల సంతతి అక్కడ ఉంది. తేయాకు కోసేది ఎక్కువగా స్త్రీలే. వాళ్ళుండేది వరస గదుల్లో. నేల తోటది, గది తోటది. స్వాతంత్ర్యం రాగానే 1948లో పౌరసత్వం పోగొట్టుకుని, తిరిగి సంపాదించుకోవటానికి దశాబ్దాలు పట్టిన జనం వాళ్ళు. ఇల్లు కూలిన యజమానికి పరిహారం అంటే, ఇల్లే తనది కాని ఆమె ఏ కాగితం చూపించాలి? యుద్ధం తర్వాత మన దేశం శ్రీలంకలో 50 వేల ఇళ్ళు కట్టే పని తలపెట్టింది. అందులో 46 వేలు ఉత్తర, తూర్పు ప్రాంతాలకు, 4 వేలు తోటలకు. 2017లో తోటల వారికి మరో 10 వేల ఇళ్ళు ప్రకటించారు. ఇప్పుడు ఇంకో విడత రాబోతోంది. ఈసారి దాత మనం. కాబట్టి అడగవలసిన బాధ్యతా మనదే.

అడగటానికి మన చేతిలో ఉన్న ఆధారాలు తక్కువేమీ కాదు. 1977లో జోలెపట్టిన ఎన్టీఆరే ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి అమల్లోకి వచ్చేలా ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చే సవరణ తెచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. ఇళ్ళ స్థలాల పట్టాలు ఆడవాళ్ళ పేర ఇవ్వటం ఇందిరమ్మ ఇళ్ళ కాలం నాటికి మామూలైంది. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇళ్ళూ గృహిణి పేరనే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పంచిన 30 లక్షల ఇళ్ళ స్థలాలూ స్త్రీల పేరనే. వీటిలో లోటుపాట్లు మనకు తెలుసు. పట్టా ఆమె పేర ఉన్నా కాగితం అతని పెట్టెలో ఉంటుంది. పెళ్ళికాని స్త్రీ, మొగుడు వదిలేసిన స్త్రీ, జోగిని ఇప్పటికీ 'కుటుంబం' కిందికి రావటానికి పోట్లాడాలి. అయినా ఇది దానంగా రాలేదు, పోరాడితే వచ్చింది. ఈ పాటి నియమాన్నయినా మన డబ్బుతో పరదేశంలో కట్టే ఇంటికి ఎందుకు వర్తింపజేయకూడదు?

జాడ తెలియనివారి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1996 కోనసీమ తుఫానులో భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళ నుంచి వేటకు వెళ్ళిన మత్స్యకారులు వందల సంఖ్యలో తిరిగి రాలేదు. శవం దొరకకపోతే చనిపోయినట్టు కాదు. ఏడేళ్ళు కబురు లేకుంటేనే మరణించినట్టు భావించాలని సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పేది, 2023లో వచ్చిన కొత్త చట్టం కూడా ఆ ఏడేళ్ళను అలాగే ఉంచింది. పెద్ద విపత్తుల తర్వాత ప్రభుత్వాలు ప్రత్యేక ఉత్తర్వులతో ఈ గడువు సడలించిన సందర్భాలున్నాయి. ప్రతిసారీ ఆ ఉత్తర్వు కోసం ఆడవాళ్ళు కార్యాలయాల చుట్టూ తిరగాల్సిందే. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో ఊరు నిర్ణయిస్తుంది, డబ్బు ఇవ్వాలో వద్దో ప్రభుత్వం నిర్ణయిస్తుంది, వచ్చిన డబ్బు ఎవరి దగ్గరుండాలో అత్తవారు నిర్ణయిస్తారు. కొండచరియల కింద శవాలు దొరకని చోట కూడా ఇదే పరిస్థితి.

ఇక మన సంస్థల మాట. మన పాఠకుల్లో ఎక్కువమంది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నవారు, విదేశీ నిధుల కష్టసుఖాలు నాకంటే వారికే బాగా తెలుసు. ఎమర్జెన్సీ కాలంలో వచ్చిన 1976 విదేశీ విరాళాల చట్టం స్థానంలో 2010 చట్టం వచ్చింది. 2020 సవరణ దాన్ని మరింత బిగించింది. పరిపాలన ఖర్చు పరిమితి సగం నుంచి అయిదో వంతుకు తగ్గింది. విదేశీ డబ్బు ఢిల్లీలోని ఒక్క స్టేట్‌బ్యాంకు శాఖలోనే జమ కావాలి. అందుకున్న సంస్థ మరో సంస్థకు పంచరాదు. ఈ చివరి నిబంధన చిన్న మహిళా సంఘాల నడ్డి విరిచింది. ఢిల్లీ, హైదరాబాదుల్లోని పెద్ద సంస్థ నుంచి ఏడాదికి లక్షో రెండు లక్షలో తెచ్చుకుని మండల స్థాయిలో కేసులు చూసుకునే సంఘానికి ఇప్పుడు ఆ దారి లేదు. వరద వచ్చినప్పుడు గడపగడపా తెలిసిన సంఘం చేతిలో డబ్బుండదు, డబ్బున్న సంస్థకు గడప తెలియదు. సవరణను మనం ఖండించాలి. దానితో పాటు ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. సవరణకు ముందు కూడా మన సంస్థలు లెక్క చెప్పింది పైకే, దాతకూ ఢిల్లీకీ. దివిసీమ నాటి నుంచి ఈనాటి దాకా, మీ ఊరి పేరు చెప్పి ఇంత వచ్చింది, ఇలా ఖర్చయింది అని ఆ ఊరి ఆడవాళ్ళ ముందు కూర్చుని చదివి వినిపించిన సంస్థలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

చదివి వినిపించటం అసాధ్యమేమీ కాదని మన రాష్ట్రమే చేసి చూపించింది. ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలీల ఇళ్ళ నుంచే వచ్చిన యువతీ యువకులు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఇన్ని రోజులు పనిచేశావా, ఇంత అందిందా అని అడిగి, ఆ సంగతులు బహిరంగ సభలో చదివారు. చనిపోయినవారి పేర్లమీద తీసుకున్న కూలీ అలాగే బయటపడింది. అక్షరం రాని ఆడమనిషి కూడా తన పేరు చెవిన పడగానే లేచి, నాకు రాలేదు అని చెప్పగలిగింది. విపత్తు సాయానికి ఇదే పద్ధతి కావాలి. నష్టాల జాబితా తయారైన వారంలోపు గ్రామసభలో పేరుపేరునా చదవాలి. పెద్దవయసు వచ్చిన ప్రతి స్త్రీ పేరూ విడిగా ఉండాలి, ఎవరి భార్య, ఎవరి కోడలు అని కాదు. ఇల్లు కట్టిస్తే పట్టా ఆమె పేర, కనీసం ఇద్దరి పేరా ఉండాలి. ఆమె కష్టార్జితమైన తట్ట, మగ్గం, కుట్టుమిషను, కోళ్ళు నష్టంలో చేరాలి. శ్రీలంకకు మనం ఇచ్చే 45 కోట్ల డాలర్లతో జరిగే పనులకూ ఈ షరతులు ఉండాలని విదేశాంగ శాఖను అడగాలి. ఏ తోటలో ఏ ఇల్లు ఎవరి పేర ఇచ్చారో ఇరు దేశాల ప్రజలకూ తెలిసేలా ప్రకటించమనాలి. అక్కడి మహిళా సంఘాలు ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నదీ ఇదే. ఇక్కడి నుంచి మనమూ గొంతు కలిపితే, ఇది మా దేశపు ఆంతరంగిక విషయమని వాళ్ళ అధికారులూ, అది వాళ్ళ విషయమని మన అధికారులూ తప్పించుకోవటం కొంత కష్టమవుతుంది.

ఈ పనిని మనం మన జిల్లాల నుంచే మొదలుపెట్టవచ్చు. 2023, 2024 వరదల్లో మీ ఊళ్ళో తయారైన నష్టపరిహార జాబితా నకలు కోసం మండల కార్యాలయంలో సమాచార హక్కు కింద దరఖాస్తు చెయ్యండి. మీ సంస్థ సహాయం పంచి ఉంటే ఆ జాబితా మీ బీరువాలోనే ఉంటుంది. మొత్తం పేర్లెన్ని, అందులో స్త్రీలెందరు, ఆ స్త్రీలలో భర్త చనిపోయినందువల్లే పేరు ఎక్కినవారెందరు, కౌలుకు సాగుచేసే ఆడవాళ్ళలో ఒక్కరి పేరైనా ఉందా, ఇవి లెక్కపెట్టి మాకు రాసి పంపండి. మనుషుల పేర్లు కొట్టేసి అంకెలు మాత్రం పంపినా చాలు. వచ్చినవన్నీ ఊరివారీగా వచ్చే సంచికలో వేస్తాం.